చోముడు, వెంకయ్య, మా ముత్యా

ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో వచ్చే అవార్డు సినిమా అంటే మా చిన్నతనంలో ఇంటిల్లిపాదికీ నిద్రవేళ. 1990 ప్రాంతంలో మా క్యాంపులో టీవీ ఉన్న ఇళ్లు నాలుగైదుకు మించవు. పాటల సినిమాకు మా వాకిలి నిండేది. అవార్డు సినిమాకు నేనూ, ముత్యా మాత్రమే మిగిలేవాళ్లం. నేను మిగిలింది కళాభిరుచితో కాదు సుమండీ! టీవీ కట్టేస్తే మళ్లీ వేయరేమోనన్న భయంతో.

ముత్యా అంటే ఇక్కడి కన్నడంలో తాత. అతడు మా చుట్టం కాడు, మా పొలంలో పని చేసిన ఈ ఊరివాడు. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకొని పశ్చిమ గోదావరి నుండి వచ్చిన మా తాతగారు పోతనాళ దగ్గర నల్లరేగడి కొన్నారు. ఆ చేను మాగాణి కావడంలో తాతగారి తెలివి ఎంత ఉన్నదో ముత్యా రెక్కల కష్టమూ అంత ఉన్నది. అతడు మాత్రం అరుగు మీదనే కూర్చొని కిటికీలోంచి సినిమా చూచేవాడు. లోపలికి రమ్మని మేమెవరమూ అన్న గుర్తు లేదు.

ఆనాటి సినిమాల పేర్లు ఒక్కటీ జ్ఞాపకం లేవు. మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి ఫోనులో ‘చోమన దుడి’ పెట్టి ఇచ్చాడు. శివరామ కారంత 1933 నాటి నవలను బి.వి. కారంత్ 1975లో తీసిన కన్నడ చిత్రం. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి పొందినది. ఉన్నమాట చెబుతాను, మొదటి అరగంటలో రెండుసార్లు గడియారం చూచాను. మా ఆవిడ అప్పటికే నిద్రపోయింది.

చోముడికి ఒక జత ఎడ్లున్నవి, దున్నుకొనడానికి నేల లేదు. అంటరానివాడికి కౌలుకైనా నేల ఇచ్చేవారు లేరు. కడుపులోని దుఃఖమంతా దుడి మీద వాయిస్తాడు, చివరకు తలుపు మూసుకొని వాయిస్తూనే ప్రాణం విడుస్తాడు. ఆ వాయింపు వింటుంటే నిద్ర ఎటు పోయిందో తెలియదు. చోముడుగా వేసిన ఎం.వి. వాసుదేవరావుకు ఉత్తమ నటుడి బహుమతి ఊరికే రాలేదు.

ఆయనే 1977లో మన తెలుగులో ‘ఒక ఊరి కథ’లో వెంకయ్యగా వేశాడని తెలిసి, మర్నాడు అదీ చూచాను. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ తీశాడు. వెంకయ్య పద్ధతి తలకిందులు. ఎంత చేసినా లాభం దొరకే తింటాడు గనుక పనే చేయనంటాడు. కోడలు పురిటినొప్పులతో చనిపోతే గుడ్డ కోసం తండ్రీ కొడుకులు ఊరి మీద పడి అడుక్కొంటారు. వెంకయ్య మీద నాకు కోపమే వచ్చింది. కాని ముఖం చోముడిదే గదా! ఒకడు నేల కోసం ఏడ్చి చచ్చాడు, ఒకడు ఏడవడం మానేశాడు. అంతే తేడా అనిపించింది.

ముత్యా ఏడవనూ లేదు, పని మాననూ లేదు. ఒక ఉగాదినాడు మా నాన్నగారిని, “ధణీ, ఒక ఎకరం పాలుకు ఇవ్వండి” అని అడిగాడు. నాన్నగారు చెడ్డవారు కారు. పండుగకు పంచె పెట్టేవారు, జ్వరం వస్తే మందిప్పించేవారు. “నీకెందుకయ్యా ఆ బరువు? పండినా పండకున్నా నీ కూలి నీకు ముడుతుంది గదా” అని నవ్వారు. ముత్యా కూడా నవ్వాడు. ఆ రాత్రి చాలా పొద్దుపోయేదాకా అతడి గుడిసె వైపు నుండి హలిగె మోత వినిపించింది. పండుగ సంబరం కాబోలు అనుకొని మేము పడుకొన్నాము.

ఈ సంగతి అమ్మతో అంటే, “నాకూ గుర్తే” అన్నది. ఇంకేమీ అనలేదు.

ముత్యా పోయి చాలా ఏళ్లయింది, నాన్నగారూ లేరు. నేను గుమాస్తా ఉద్యోగంలో ఉండి, మిగిలిన రెండెకరాలూ క్యాంపులోని ఒకరికి కౌలుకిచ్చాను. ఈ ఉగాదికి గడువు తీరుతుంది. ముత్యా మనవడు ఇప్పటికీ కూలికే వెళ్తున్నాడు. అతడు నన్నేమీ అడగలేదు. నేనే వెళ్లి అడుగుదామా అనుకొంటున్నాను.

“అనుకోవడమేమిట్రా, వెళ్లిరా” అంటున్నది అమ్మ.