తగ్గించుకొను విద్య

గోల్ఫు ఆడు ప్రతి మనుష్యునకును ఒక అంకె యుండును. దానిని హ్యాండికాపు అందురు. పదునెనిమిది గుంటల మైదానమును నిపుణుడు ఎన్ని దెబ్బలలో ముగింపవలెనని ఎంచబడినదో ఆ లెక్కకు పార్ అని పేరు. పెద్ద మైదానములందు అది సాధారణముగా 72. మైదానపు కాఠిన్యమును కూడ పరిగణించి, ఆ లెక్కకు మించి ఈ మనుష్యుడు తన శక్తి చక్కగా వెల్లడియైన దినమున సుమారెన్ని దెబ్బలు అధికముగా కొట్టునో అదియే అతని అంకె. ప్రపంచమంతటికిని ఒక్కటే పద్ధతిగా 2020 సంవత్సరమున అమలునకు వచ్చిన విధానమును బట్టి, కడపటి 20 ఆటలలో మేలైన 8 ఆటల సగటు తీసి దీనిని నిర్ణయింతురు. గరిష్ఠముగా 54 వరకు ఒసగుదురు. తన లోపముల మొత్తమును తానే చీటిపై వ్రాసి, సంతకము చేసి, పదిమందియు చూచునట్లు ప్రకటించుటకు సమ్మతించు క్రీడాకారుని మరియొక ఆటయందు నేనెరుగను. వృత్తిగా గాక ఇష్టము కొలది ఈ ఆట నాడువారు సంవత్సరముల తరబడి చేయు సాధన యంతయు ఆ అంకెను తగ్గించుకొనుటకే. ఆ తగ్గుదల ఏ విధమున సంభవించునో పరికించినచో, విద్యాభ్యాసమును గూర్చి మనకు గల సామాన్యాభిప్రాయములు కొన్ని తారుమారగును.

మొదట బంతి సంగతి. దాని తూకము 45.93 గ్రాములకు మించరాదు, అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. అది కదలక మెదలక గడ్డిపై నుండును. క్రికెట్టునందు బంతి మీదికి దూసికొని వచ్చునపుడు ఆలోచించుటకు వ్యవధి లేదు గనుక దేహము తన పని తాను చేసికొనిపోవును. ఇచట నిశ్చలమైన బంతి యెదుట నిలిచినవానికి ఆలోచించుటకు కావలసినంత తీరిక గలదు, ఆ తీరికయే వానికి శత్రువగుచున్నది. క్రొత్తగా క్లబ్బు చేతబట్టినవాడు బంతి గాలిలోనికి లేవవలెనని కోరి, దానిని క్రిందనుండి ఎత్తివేయుటకు యత్నించును. దేహము వెనుకకు వంగును, చేతులు పైకి లేచును, క్లబ్బు తల బంతి నడినెత్తిని తాకి దానిని నేలబారుగా తరుమును. లేదా బంతికి జానెడు వెనుకనే నేలను త్రవ్వి, మట్టిని మాత్రము ఎగురగొట్టును. వాస్తవమునకు ఐరన్ క్లబ్బు ముఖము తయారీయందే వెనుకకు వాలియున్నది. బంతిని పైకి లేపు పని ఆ వాలుదే. ఆడువాడు చేయవలసినదెల్ల, క్లబ్బు ఇంకను క్రిందికి దిగుచుండగనే బంతిని తాకి, ఆ పిదప బంతికి ముందున్న పచ్చికను కోయుట. క్రిందికి కొట్టిననే పైకి లేచునను ఈ సత్యమును బుద్ధి ఒక్క నిమిషములో గ్రహించును. దేహము అంగీకరించుటకు మాత్రము మాసములు, కొందరి విషయమున సంవత్సరములును పట్టును. ఆ అంగీకారము కలిగిన దినమున, క్లబ్బు నడిమినుండి వెలువడిన బంతి చేతికి ఏ అదురును తెలియనీయక లేచిపోయినపుడు కలుగు ఆనందము కొరకే లక్షలాది జనులు ఈ ఆటను విడువలేకున్నారని నా విశ్వాసము.

బంతి లేచుట నేర్చిన పిమ్మట అది వంకరగా పోవుట మొదలిడును. కుడిచేతివాటము గలవాడు కొట్టిన బంతి తిన్నగానే బయలుదేరినట్లు కనిపించి, పోగా పోగా కుడిప్రక్కకు తిరిగి, చెట్లలోనో, రఫ్ అనబడు దట్టమైన గడ్డిలోనో పడును. దీనిని స్లైసు అందురు. క్లబ్బు బంతిని తాకు క్షణమున, క్లబ్బు పయనించు దారికంటె దాని ముఖము కుడికి తెరచుకొని యుండుట ఇందులకు కారణము. ఎక్కువమంది విషయమున ఆ దారియు వెలుపలినుండి లోపలికి అడ్డముగా సాగుచుండును. దీనిని గమనించినవాడు సహజముగనే మరికొంత ఎడమకు గురిపెట్టును. దారి మరింత అడ్డమగును, బంతి మరింత గట్టిగా కుడికి వంగును. తోచిన ప్రతీకారమే దోషమును పెంచు ఈ విషమస్థితియందు అభ్యాసియైనవాడు ఎన్ని యేండ్లయినను చిక్కుకొని యుండవచ్చును. విడుదల సాధారణముగా చేతుల పట్టునందున్నది. ఆరు పర్యాయములు బ్రిటిష్ ఓపెన్ గెలిచిన హారీ వార్డన్ ప్రచారములోనికి తెచ్చిన పట్టులో కుడిచేతి చిటికెనవ్రేలు ఎడమచేతి చూపుడువ్రేలిపై ఒదిగియుండును. అందువలన రెండు చేతులును ఒక్కటియై పనిచేయును. కాని పట్టు మార్చుకొన్న మొదటి దినములలో చేతులు పరాయివారివలె తోచును; ఆట మునుపటికంటె చెడును; అంకె పెరుగును. బాగుపడుటకై కొంతకాలము కావలెనని చెడిపోవుటకు ఒప్పుకొనుట ఎంతటి కష్టమో, నడివయస్సున ఏ విద్యనైనను తిరిగి మొదటినుండి ఆరంభించినవారికి తెలియును. గోల్ఫునందు అనేకులు ఇచ్చటనే ఆగిపోవుదురు. వారు సోమరులు కారు. ఆదివారము నాటి స్నేహితుల ఎదుట నాలుగు వారములు ఓడిపోవుటకు వారికి మనస్సు రాదు, అంతే.

ఆగిపోనివాని ఎదుట మొదటి గుమ్మము నూరు. పదునెనిమిది గుంటలను నూరు దెబ్బలకు లోపుగా ముగించుట యనగా ఒక్కొక్క గుంటవద్ద పార్‌కంటె సుమారు ఒకటిన్నర దెబ్బ అధికము వాడుకొనుట. వినుటకు ఇది సులభము. ఆ తరువాతి గుమ్మము తొంబది, పిమ్మట ఎనుబది. ఈ గుమ్మములను దాటుటకు ఎచట సాధన చేయవలెనను విషయమున పూర్వులకును ఆధునికులకును అభిప్రాయభేదము గలదు. అది మిక్కిలి రుచికరమైనది. గుంట చుట్టును పొట్టిగా కత్తిరించిన పచ్చికను గ్రీను అందురు; పార్ లెక్కలో ప్రతి గ్రీనుపైనను రెండేసి పట్లు చేర్చబడియున్నవి. అనగా 72లో 36, సరిగా సగము, నున్నని గ్రీనుపై పట్టరుతో దొర్లించు దెబ్బలే. రెండువందల గజములు ఎగిరిన దెబ్బయు ఒక్కటే, మూరెడు దూరము దొర్లిన దెబ్బయు ఒక్కటే. కావున పట్టరును సాధన చేయుమని పాత గురువులు చెప్పుచు వచ్చిరి. కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మార్క్ బ్రోడీ అసంఖ్యాకములైన దెబ్బలను లెక్కలకెక్కించి, 2014లో ప్రకటించిన గ్రంథమున ఈ మాటను ప్రశ్నించెను. మంచి ఆటగానికిని మందకొడి ఆటగానికిని గల అంతరములో సుమారు మూడింట రెండు వంతులు నూరు గజములకు వెలుపలినుండి కొట్టు దెబ్బలవలననే కలుగుచున్నదని ఆయన తేల్చెను. ఆలోచించినచో అది న్యాయముగనే యున్నది. గ్రీనుపై అందరును దెబ్బలు ఖర్చుపెట్టుదురు. ఘనుడైన వృత్తిక్రీడాకారుడును ఒక ఆటలో ఇరువదితొమ్మిది పట్ల వరకు కొట్టును, నూరు దెబ్బల ఆటగాడు నలువదికి లోపుగనే కొట్టును. వారి నడుమనున్న ముప్పది దెబ్బల అంతరమును ఆ పది పట్లు పూరింపజాలవు.

నాకు తోచినంతవరకు ఈ ఉభయవాదములును సాధకుని జీవితములో వేర్వేరు కాలములకు చెల్లును. తొలి సంవత్సరములలో అతనిని ముంచునవి దూరపు దెబ్బలే; అందునను, అతడు బాగుగా కొట్టిన వానికంటె మిక్కిలి దుష్టముగా కొట్టినవి. హద్దు దాటిపోయిన బంతికి ఒక దెబ్బ శిక్ష. అదియును గాక మొదట నిలిచిన చోటినుండియే మరల కొట్టవలెను. ఒక్క దుష్ప్రయోగమునకు రెండు దెబ్బల నష్టము. ఇట్టివి పూటకు నాలుగు తగ్గించుకొన్నవాడు, తన మంచి దెబ్బను వీసమెత్తు మెరుగుపరుపకయే, ఎనిమిది మెట్లు దిగివచ్చును. చెట్ల సందున చిక్కిన బంతిని ఆకుల నడుమ గోచరించు ఆకాశపు తునకలోనుండి గ్రీనునకు పంపవలెనను కోరికను అణచుకొని, ప్రక్కకు, విశాలమైన ఫెయిర్‌వేపైకి, చిన్న దెబ్బతో తెచ్చుకొనువాడు ఒక దెబ్బను చెల్లించి మూడింటిని దాచుకొనుచున్నాడు. ఈ వివేకము చేతులది కాదు. తొంబదికి లోపలికి వచ్చిన పిదప మాత్రము పూర్వుల మాట ప్రాణము పోసికొనును. గ్రీను చెంత నుండి చిన్నగా ఎగురవేసి దొర్లించు చిప్, ఇసుక బంకరునుండి మెల్లగా లేవనెత్తు దెబ్బ, ఆరడుగుల పట్ — ఇవి లొంగిననే ఎనుబది చేరువగును. సంగీతము నేర్చు బాలుడు సరళీస్వరములు మాని మొదటి దినముననే పంచరత్నములకు గొంతు సవరించినట్లు, గోల్ఫు నేర్చువాడు దూరపు దెబ్బల క్లబ్బగు డ్రైవరుతో నారంభించి పట్టరు వద్దకు పదేండ్ల తరువాత వచ్చుట ఈ విద్యలోని విచారకరమైన ఆచారము.

చేతులకంటె మనస్సు ఆలస్యముగా నేర్చునని ఋజువు కావలెనన్నచో బాబీ జోన్స్ చరిత్రను మించినది లేదు. ఆయన 1902లో అమెరికా దేశపు అట్లాంటా నగరమున జన్మించెను. బాల్యమున దుర్బలుడు. ఈస్ట్ లేక్ మైదానపు సమీపమున నివసించుచు, అచట ఉపాధ్యాయుడుగా నుండిన స్టూవర్ట్ మెయిడన్ అను స్కాట్లండు దేశీయుని వెన్నంటి తిరిగి, పాఠముల ద్వారా గాక కేవలము చూచి అనుకరించుటచేతనే మెయిడన్ స్వింగును, అనగా క్లబ్బు త్రిప్పు తీరును, తనదిగా చేసికొనెను. పదునాలుగవ యేట, 1916లో, మెరియన్ మైదానమున జరిగిన అమెరికా అమెచ్యూర్ పోటీలో పాల్గొని దేశమునంతటిని ఆశ్చర్యపరచెను. అంతటి చేతులు గలవాడు ఆ పిదప ఏడు సంవత్సరములు ఒక్క జాతీయ విజయమునైనను పొందలేకపోయెను. కొరత స్వభావములో నుండెను. తప్పిన దెబ్బకు కుపితుడై క్లబ్బులు విసరివేయువాడు. 1921లో సెంట్ ఆండ్రూస్‌లో, బ్రిటిష్ ఓపెన్ మూడవ ఆటలో పదునొకండవ గుంటవద్ద బంతిని చేతికెత్తుకొని పోటీనుండి తప్పుకొనెను.

ఆ తరువాత ఏమి జరిగెను? స్వింగు మారలేదు. ఎదుటివానిని చూచుట మాని, పార్‌నే తన ప్రత్యర్థిగా నెంచి, దానితోనే ఆడుట నేర్చుకొంటినని ఆయనయే వ్రాసెను. పార్ కోపింపదు, కవ్వింపదు, గర్వింపదు. దానితో పోరువాడు తానును అట్లే కావలసివచ్చును. 1923లో ఇన్‌వుడ్ మైదానమున అమెరికా ఓపెన్ లభించెను. అది మొదలు 1930 వరకు ఎనిమిది వేసవులలో పదమూడు జాతీయ బిరుదులు ఆయనను వరించినవి. 1925 అమెరికా ఓపెన్‌లో, రఫ్‌లో బంతి తనవలన కదలెనని, ఎవ్వరును చూడకున్నను, తనపై తానే ఒక దెబ్బ శిక్ష విధించుకొనెను. అంతిమమున సమానస్కోరుతో నిలిచి, మరునాటి నిర్ణయపు ఆటలో ఓడెను. ఆ ఒక్క దెబ్బ లేకున్న బిరుదు ముందురోజుననే ఆయనది. 1927లో, తాను విడిచిపోయిన సెంట్ ఆండ్రూస్‌లోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచెను. 1930లో బ్రిటన్, అమెరికాల ఓపెన్, అమెచ్యూర్ బిరుదులు నాలుగింటిని ఒక్క యేటనే గెలిచి, ఇరువదియెనిమిదవ యేట పోటీలనుండి విరమించెను. ఈ కాలమంతయు ఆయన జీవిక గోల్ఫు కాదు. యంత్రశాస్త్రము, ఆంగ్లసాహిత్యము, న్యాయశాస్త్రము చదివి, న్యాయవాదియై, తక్కిన మనవలెనే తీరికవేళల ఆడినవాడు. అట్టివాని చేతులకే ఏడేండ్లపాటు మనస్సు అడ్డుపడినపుడు, శనివారమున రెండు గంటలు దొరకుటయే దుర్లభమైన గుమాస్తాయో వైద్యుడో పది యేండ్లకు ఇరువదినుండి పదునైదునకు దిగినచో అది స్వల్పమైన విజయము కాదు.

వయస్సు మీరినకొలది మరియొక మార్పు వచ్చును. డ్రైవరు దూరము ఏటేట కొన్ని గజములు కుంచించుకొనిపోవును. ఎంత సాధనయు దానిని ఆపలేదు. హ్యాండికాపు మెల్లగా పెరుగనారంభించును. అయినను ఆ పెరుగుదలను పతనమని నేనంగీకరింపను. డెబ్బది దాటిన వృద్ధుడు మూడు దెబ్బలలో గ్రీను చేరి, ఒక్క పట్‌తో పార్ తీసికొని పోవుచుండగా, రెండు దెబ్బలలో చేరిన యువకుడు మూడు పట్లు వెచ్చించి వెనుకబడుట చూచినవారికి ఇది విదితమే. ఆ అంకె యున్నందున తాతయు మనుమడును ఒకే మైదానమున, ఒకే లెక్కపై, న్యాయముగా పోటీ చేయగలరు. ఇంతటి సమవర్తనము గల ఏర్పాటు మరియే క్రీడయందును నాకు కనిపించలేదు.

మన దేశమున ఈ విద్య మేలుగా అబ్బినవారిలో కొందరు ధనికగృహములలో జన్మించినవారు కారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ వృత్తిక్రీడాకారుడు అలీ షేర్ ఢిల్లీలో ఇతరుల సంచులు మోయు కేడీగా నుండి ఆట నేర్చినవాడు. మరియొక భారతీయ వృత్తిక్రీడాకారుడగు చౌరాసియా యొక్క తండ్రి కలకత్తాలోని ప్రాచీనమైన రాయల్ కలకత్తా మైదానమున పచ్చికను పోషించు పని చేసెను. జోన్స్‌వలెనే వీరును, మంచి స్వింగును దినదినము కంటియెదుట చూచుటచేత, దానిని దేహమునకు పట్టించుకొనిరి. మన తెలుగునాట గోల్కొండలోని నయాకిల్లా ప్రాకారములచెంతనొకటి, విశాఖపట్టణమున ఈస్ట్ పాయింట్ అనునదియొకటి, మరికొన్నియు మైదానములు గలవు. కాని వాని గోడలకు వెలుపలి బాలురకు ఆ దృశ్యము దొరకదు. పదునెనిమిది గుంటలకు నూరెకరములకు పైగా నేల కావలెను గనుక అట్టివి ప్రతి పట్టణమునను వెలయవలెనని కోరుట అత్యాశ. పట్టరు సాధనకు మాత్రము పాఠశాల ఆటస్థలములో ఒక మూల చాలును. నీరు కరవైన చోట్ల, నూనె కలిపిన ఇసుకను చదునుగా పరచి, బ్రౌనులను పేరుతో గ్రీనులకు బదులుగా వాడుకొనుట ఈ దేశపు చిన్న మైదానములందు చిరకాలము సాగినదే. అట్టి ఇసుకమడి నొకదానిని పరచి, 108 మిల్లీమీటర్ల వెడల్పుగల గుంటను త్రవ్వి, రెండు పట్టరులును, గుప్పెడు బంతులును పిల్లల చేతికిచ్చినచో, ఏ జిల్లా పాఠశాలయందైనను ఈ విద్యను దాని సరియైన కొసనుండి ఆరంభింపవచ్చును.