మా బొగ్గుతో రామగిరి యాత్ర

మా యింటి కుక్క పేరు బొగ్గు. ఈ పేరు పెట్టినది మా చిన్నమ్మాయి. బొగ్గుగనుల నడుమ కాపురమున్న వారింట నల్లని కుక్కపిల్ల కింతకంటె తగిన పేరేమున్నదని దాని వాదము. సాయంకాలము నేను వాకిట నిలిచి “బొగ్గూ, బొగ్గూ” యని కేక వేయగా, క్రొత్తగా కాపురము వచ్చిన పొరుగామె యొకతె గంప పట్టుకొని బయటికి వచ్చి, “ఎవరక్కా పంచుతున్నరు?” అని యడిగినది. నాటినుండి ఆమెకును మాకును స్నేహము కుదిరినది.

మేముండునది పెద్దపల్లి జిల్లాలోని రామగిరి మండలము. గోదావరిఖని నుండి మంథనికి పోవు త్రోవలో మా సెంటినరీ కాలనీ యున్నది. ఈ పేరు వినగానే సింగరేణి నూరేండ్ల ముచ్చట తలపునకు వచ్చును. ఇల్లందు ప్రాంతమున 1889లో మొదలిడిన బొగ్గు త్రవ్వకమునకు 1989 నాటికి నూరేండ్లు నిండినవి. కాలనీకి అనతిదూరమున బేగంపేట గ్రామము, ఆ గ్రామమును ఆనుకొని రామగిరి ఖిల్లా. ఒక ప్రక్క చెట్లతో నిండిన ఆ కొండ, ఇంకొక ప్రక్క ఓపెన్‌కాస్టు గనులనుండి తోడిపోసిన మట్టిదిబ్బలు. దూరమునుండి చూచు క్రొత్తవారు దేవుడు పెట్టిన గుట్ట యేదో, కంపెనీ పెట్టిన గుట్ట యేదో పోల్చుకొనలేక భ్రమపడుదురు.

గనిపనివారి యిండ్లలో గడియారము కంటె షిఫ్టు ప్రధానమని సోదరీమణులకు నేను వేరుగ చెప్పనక్కరలేదు. చెప్పవలసినది ఇతర ప్రాంతముల వారికి. ఒక వారము ఉదయము, ఒక వారము మధ్యాహ్నము, ఒక వారము రాత్రి. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనుష్యుడు పట్టపగలు నిద్రింపవలెను. ఆ నిద్ర చెడినచో మరునాటి రాత్రి భూగర్భమున కన్ను కూరుకుపోవును. అచ్చట కునుకుపాటనగా ప్రాణములతో చెలగాటము. కావున ఆ వారమంతయు మేము గిన్నె చప్పుడు కానీయము. పిల్లలు సైగలతో పోట్లాడుకొందురు. బొగ్గునకు మాత్రము ఈ మర్యాద తెలియదు. సైకిలు పోయిన మొరుగును, కాకి వాలిన మొరుగును, ఏమియు లేకున్న నేమియు లేదని మొరుగును. మధ్యాహ్నము గనిలో బ్లాస్టింగు జరిగిన క్షణము మాత్రము మంచము క్రిందికి దూరి వణకుచుండును; పిదప ఆ భయము తీరుటకు మరియొక అరగంట మొరుగును.

ఒక వారమంతయు ఓర్చి, ఏడవనాడు మావారు ఎఱ్ఱని కన్నులతో లేచి వచ్చి, “వచ్చే నైటుషిఫ్టు నాటికి దీన్ని ఎక్కడన్న విడిచి రావలె” అనిరి. కోపముతో నన్నచో నేనును నాలుగు మాటలాడి యుందును, అలసటతో ననిరి. పిల్ల లిద్దరును గోడకు జేరి నిలిచిరి. మా అత్తగారు మాత్రము, “ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకే పోనన్నడు. మీరు నిద్రకొరకు విడుస్తరా?” అని కొడుకు నడిగి, వెంటనే నావైపు తిరిగి, “అయినా కుక్క ఇంట్లోకి రావద్దని మొదలే చెప్పిన” అనిరి. పెద్దల తీర్పులో రెండు పక్షములకును న్యాయము కలుగుట మా యింట అలవాటే.

మూడు వారముల గడువు దొరకినది. టీకా వేయించుటకు బొగ్గును పశువైద్యశాలకు తీసికొనిపోయినపుడు అచ్చటి పెద్దాయన యొకరు మా కష్టము విని, “కుక్క చెడ్డది కాదమ్మా, దానికి పనిలేదు” అనిరి. కాళ్లకంటె ముక్కునకు పని యెక్కువ కల్పింపుమని సలహా చెప్పిరి. కుక్కకు లోకమంతయు వాసనల మయము. మనము వీథిని చూచినట్లు అది వీథిని మూర్కొనును. గొలుసు పట్టి త్వరత్వరగా నడిపించుట యనగా మనిషి కన్నులకు గంతలు కట్టి సంతకు తీసికొనిపోవుటవంటిది.

నాటినుండి మా యింట ఆటలు మొదలైనవి. తెల్లవారక ముందే లేచి నేనును పిల్లలును బొగ్గును కాలనీ వెలుపలి బాటకు తీసికొనిపోవుదుము. అది యెచ్చట నిలిచిన నచ్చట నిలుతుము. ఒక్క తంగేడు పొద చుట్టు పావుగంట తిరిగినను తొందరపెట్టము. ఇంటికి వచ్చిన పిదప జొన్నరొట్టెను చిన్నచిన్న తునకలు చేసి, పాత చీరపీలికలలో ముడివేసి, తిరుగలి వెనుక నొకటి, బియ్యపు డబ్బా ప్రక్క నొకటి, తులసికోట క్రింద నొకటి దాచి, “వెదకు” మందుము. మొదటినాడు తెల్లమొగము వేసినది. నాలుగవనాడు పీలిక ముడిని ముందుకాళ్లతో నొక్కిపట్టి పండ్లతో విప్పినది. చీరపీలికలనే జడవలె అల్లి ఆ కొన అది, ఈ కొన పిల్లలు పట్టి గుంజుకొందురు. దీని కొక నియమము కలదు: “విడు” మన్నచో విడువవలెను, విడిచిన వెంటనే మరల ఆట సాగవలెను. విడిచినంతనే ఆట ముగించినచో ఏ కుక్కయు రెండవమారు విడువదు. ఏ బిడ్డయు విడువదు.

పిల్లలకు మిక్కిలి ప్రీతియైనది దాగుడుమూతలు. ఒకరు బొగ్గును పట్టుకొనగా రెండవవారు తలుపుచాటున దాగి దానిని పిలుతురు. దొరకినవారి కానందమో, కనుగొన్నవారి కానందమో చెప్పలేము. ఒకనాడు రొట్టె దొరకక బొగ్గు దీనముగా చూడగా, మా చిన్నది వ్రేలితో బల్లవైపు చూపినది. అది వ్రేలిని చూడక వ్రేలు చూపిన దిక్కునకు పోయినది! ఇది మా కుక్క ప్రజ్ఞ యని నేను గర్వించితిని గాని, కలకత్తా ప్రాంతమున భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలోని అనిందితా భద్రగారును వారి శిష్యులును ఎవరును శిక్షణమీయని వీథికుక్కలపై ఇట్టి పరీక్షలే చేసి, వానిలో పెక్కింటికి మన చేతిసైగ తెలియుచున్నదని 2020లో ప్రకటించిరట. మనవైపు జనులు జాతికుక్కలకై వేలు పోయుదురు. కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాచిన జోనంగి వంటి మన సొంత జాతి యొకటి కలదని యెందరికి తెలియును? మా బొగ్గు జోనంగియు కాదు, పరదేశపు జాతియు కాదు. వానలో తడిసి మా మెట్లమీద పడుకొన్న ఊరకుక్కపిల్ల.

రెండు వారములకు ఫలము కనిపించినది. ఉదయము ముక్కును కాళ్లును అలసిన కుక్క పది గంటలకు తానే పడుకొనసాగినది. మా అత్తగారు మొదట రొట్టెతునకలు లెక్కపెట్టి “ఇన్ని దండుగ” యనిరి. పిదప వారే దాచుటకు చోట్లు చెప్పసాగిరి. బియ్యపు డబ్బా మూతమీద పెట్టుమన్న యుక్తి వారిదే. నాకు కలిగిన లాభమొకటి ఇచ్చట చెప్పుకొనవలెను. పెండ్లియై వచ్చిన పండ్రెండేండ్లలో పనిలేక ఊరక నడచుటకై నేనెన్నడును గడప దాటలేదు. ఇప్పుడు కుక్కపేరు చెప్పి దినమున కొక గంట ఆకాశము చూచుచున్నాను.

గడువు తీరుటకు ముందు ఆశ్వయుజమాసపు ఆదివారమున, మావారికి సెలవు గనుక, అందరమును రామగిరికి పోవుదమనుకొంటిమి. అత్తగారికి మోకాళ్లు సహకరింపవు. “కుక్కకు గూడ యాత్రలా!” యనుచునే మాకు పులిహోర మూట కట్టి యిచ్చిరి. బేగంపేట దాక ఆటోలో పోతిమి. బొగ్గు త్రోవపొడవునను మూతి బయటపెట్టి గాలి త్రాగుచుండెను.

సీతారామలక్ష్మణులు వనవాసకాలమున ఈ కొండపై విడిసిరని స్థలపురాణము. కోట మీద కాకతీయుల నాటి కథలు పెక్కు. బురుజులు, వరుసలు వరుసలుగ గోడలు, చెట్లవేళ్లు చీల్చిన ద్వారములు నేటికిని నిలిచియున్నవి. వానకాలమున నీరు జలజల రాలును. ఓషధులకు పేరుపడిన కొండ యగుటచే ఆయుర్వేదవిద్యార్థులు మొక్కలను గుర్తించుటకు వత్తురు. చరిత్రలో రామగిరి పేరు స్త్రీల కథతో ముడివడినది. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినపుడు, సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయత్ బక్షీ బేగము తానే శత్రుశిబిరమునకు పోయి సంధి మాటలాడినది. సుల్తాను కుమార్తెను ఔరంగజేబు కొడుకునకిచ్చి పెండ్లి చేయుటయు, రామగిరి సీమను మొగలుల కప్పగించుటయు నాటి షరతులలోనివి. పెండ్లికూతురును కోటయు నొకే కాగితమున పోయినవి. కోట సంగతి చరిత్రకారులు వ్రాసిరి. ఆ పిల్ల మనస్సు సంగతి ఎవరును వ్రాసినట్లు లేదు.

బొగ్గు ఈ కథ లేవియు వినలేదు. ఒక బురుజు మూల ఏ జంతువు రాత్రి పోయినదో గాని, అచ్చట అరగంట పరిశోధన చేసినది. పిల్లలు గోడ చాటున దాగిరి. అది వాసన పట్టి యొక్కొక్కరిని లాగుకొని వచ్చినది. నీటిమడుగులో దిగి, వెలికివచ్చి, మాపై విదిలించినది. మావారు నవ్వుట చాలదినములకు చూచితిని. కోతులమూక యొకటి వచ్చినపుడు మాత్రము గొలుసు బిగించి పట్టితిమి. కోతులతో కయ్యము కుక్కకు ప్రమాదము, మనకును ప్రమాదము.

తప్పు నాదే. “ఇంకొక్క బురుజు, ఇంకొక్క ద్వార” మని నేనే పైకి నడిపించితిని. దిగుట మొదలిడునప్పటికి ఎండ నడినెత్తికి వచ్చినది. వేసవిలో 45 డిగ్రీలు దాటు సీమ మాది. ఆశ్వయుజమున చల్లబడునని ఏమరితిని. మాకు చెప్పులున్నవి, బండ కాలుచున్నదని తెలియలేదు. సగము దిగునప్పటికి బొగ్గు నాలుక ముదురెఱుపై బారెడు వ్రేలాడినది, చిక్కని చొంగ కారినది, నాలుగడుగులు తూలి కూలబడినది. మా చిన్నది పెద్దపెట్టున నేడ్చినది. నాకు చేతులాడలేదు.

మావారు ఒక్కమాట మాటలాడక దానిని ఎత్తుకొని చెట్టునీడకు చేర్చిరి. గనిలో ప్రథమచికిత్స నేర్చినవారు గదా! తమ తువాలు తడిపి పొట్టక్రింద, చంకలలో, పాదములకు అద్దిరి; పిల్లలను విసరుమనిరి. తడిగుడ్డను పైన కప్పియుంచనీయలేదు, ఆవిరి నిలిచి వేడి పెరుగునట. నోట నీళ్లు పోయబోయిన నన్ను వారించి, అరచేత పట్టి ముందుంచిరి; అదియే నాకవలెనట. కుక్కకు మనవలె ఒడలంతయు చెమట పోయదు. పాదములలో కొంచెము, తక్కిన దంతయు రొప్పుటచేతనే చల్లబడవలెను. పావుగంటకు తోక కదలినది. కొండ దిగువరకు మావారు దానిని భుజముపై మోసికొనివచ్చిరి. తిన్నగా పశువైద్యశాలకే పోతిమి. ప్రమాదము దాటినదనిరి.

ఇట్టి విహారమునకు పోవు సోదరీమణులు నా తప్పు చేయకుందురుగాక. తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదురకముందే మరలిరండు. చేతివెనుకభాగమును నేలకానించి పది లెక్కపెట్టుటకు తాళలేకున్న, ఆ నేలపై కుక్కను నడపరాదు. దానికి వేరుగ నీళ్లసీసా యుండవలెను. మూటలోనివి పెట్టునపుడు ద్రాక్ష, కిస్మిస్సు, ఉల్లిపాయ, చాకలెట్టు దానికి విషములని గుర్తుంచుకొనుడు. ఉడికిన కోడియెముకలు విరిగి పేగులను చీల్చును. ఇంటికి వచ్చిన పిదప వ్రేళ్లసందున పల్లేరుకాయలు, చెవులలో గోమారులు వెదకవలెను. మాకు పదునొకండు గోమారులు దొరకినవి, అత్తగారు లెక్కపెట్టిరి. పిచ్చికుక్కవ్యాధి టీకా ఏటేట తప్పరాదు. ఏ కుక్క కరచినను గాయమును సబ్బునీటితో పావుగంట కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పసరువైద్యమునకు ఇందు చోటులేదు.

ఈ వారము మావారికి మరల రాత్రి షిఫ్టు. కుక్కను విడిచి వచ్చు ప్రస్తావన వారును తేలేదు, నేనును జ్ఞాపకము చేయలేదు. ఉదయపు నడకయు, రొట్టెల వెదకులాటయు ముగిసినవి. ఇది వ్రాయుచున్న సమయమున పది గంటలైనది. వారు నిద్రించుచున్నారు, మంచము క్రింద బొగ్గు నిద్రించుచున్నది. కూరగాయల బండివాడు వాకిట గట్టిగా కేకవేసి పోయెను. మంచము క్రింద తోక యొక్కమారు కదలెను, అంతే.