తొమ్మిది కోళ్ల పద్దు

బ్యాంకులో ముప్ఫయ్యేళ్లు గడిపినవాణ్ణి. పోయినదానికి లెక్క రాయడం నాకు కొత్త కాదు. 1990లలో కొత్త ఆఫీసరుగా కర్ణాటకలో ఒక పల్లె బ్రాంచిలో ఉన్నప్పుడు ఐఆర్‌డీపీ కింద ఆవులకూ గొర్రెలకూ అప్పులిచ్చేవాళ్లం. ఆవు చచ్చిపోతే రైతు దాని చెవిని బిళ్లతో సహా కోసి, కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. బిళ్ల ఉంటేనే బీమా సొమ్ము. సరిగ్గా నేను కారియరు విప్పబోయే వేళకే ఆ పొట్లాలు వచ్చేవి. నేను బిళ్ల మీది నంబరు చూసేవాణ్ణి. తెచ్చినవాడి ముఖం చూశానో లేదో ఇప్పుడు గుర్తు లేదు.

2023 కార్తీకంలో ఒకరోజు తెల్లవారకముందే అమ్మ ఫోను చేసింది.

"నాయనా, కోళ్లన్నీ పోయిండాయిరా."

అమ్మకు ఎనభై రెండేళ్లు. నాన్నగారు పోయాక ఊళ్లో ఒక్కతే ఉంటోంది. హోసూరు నుంచి కెలమంగలం దాటి వెళ్లాలి మా ఊరికి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, తాలూకాఫీసులో తమిళం. ఈ పత్రిక చదివేవారికి ఈ సంసారం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. బెంగళూరుకు వచ్చి ఉండమని నేనూ తమ్ముడూ ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే జవాబు: "కోళ్లను ఎవరు మూస్తారురా?"

అందుకని నిజం చెప్పేస్తాను. ఆ ఫోను వినగానే నా మనసులో ముందు వచ్చింది బాధ కాదు. 'హమ్మయ్య, ఇక అడ్డం లేదు' అనుకున్నాను. ఆ తర్వాతే బాధ వచ్చింది.

నేను వెళ్లేసరికి తొమ్మిదయింది. పెరడంతా ఈకలు. పన్నెండింటిలో తొమ్మిది పోయాయి. ఎనిమిది గూటిలోనే చచ్చి పడి ఉన్నాయి. దొంగ ఎత్తుకుపోయింది ఒక్కదాన్నే. నాకు అర్థం కాని సంగతి అదే. ఒక్కటి చాలినప్పుడు ఎనిమిదింటిని చంపడం ఎందుకు? తర్వాత చదివితే తెలిసింది. బయట అయితే ఒకదాన్ని పట్టేలోగా మిగతావి చెల్లాచెదురవుతాయట. మూసిన గూట్లో పారిపోయే దారి ఉండదు. కళ్లముందు రెక్కలు కొట్టుకుంటున్నంతసేపూ వేటజంతువు ఆగలేదు. మిగిలిన మూడూ ఎవరనుకున్నారు? రోజూ సాయంత్రం అమ్మ ఎంత పిలిచినా గూట్లోకి రాకుండా పనసచెట్టెక్కి కూచునే మొండివి. చెప్పిన మాట విన్నవన్నీ పోయాయి.

చచ్చినవాటిని కూరకు ఇమ్మని ఎవరో అడిగారట. అమ్మ ఇవ్వలేదు. గోనెపట్ట కప్పి, కొబ్బరిచెట్టు మొదట్లో పూడ్పించింది. నామాల పెట్ట, బొల్లి పెట్ట, కాలు కుంటిది, డేగ పుంజు అని ఒక్కొక్కదాని పేరూ చెప్పింది. నేను అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాను. రాయడానికేమీ లేక మళ్లీ పెట్టేశాను.

వామి దగ్గర ముంగిస ఒకటి తిరుగుతూ కనబడింది. "అదిగో దొంగ" అన్నాను.

"ముంగిస పగటి దొంగరా. రేత్రి బొక్కలో పండుకుంటాది. గుడ్లు పోతే దాన్ని అడుగు, పిల్లలు పోతే దాన్ని అడుగు. ఇది దాని పని కాదు" అంది అమ్మ.

ఆ సాయంత్రం మిగిలిన మూడింటినీ వంటింట్లో గంప కింద మూసి, ఖాళీ గూడు చుట్టూ పొయ్యిలోని బూడిద చల్లింది. రుచి మరిగింది మర్నాడు రాకుండా ఉండదని ఆమె లెక్క. తెల్లవారి చూస్తే బూడిదలో అడుగులున్నాయి, ఒక్కోదానికి ఐదేసి వేళ్లతో. కుక్కకూ పిల్లికీ నేల మీద పడేవి నాలుగే. రాత్రి తిరిగేది, ఐదు వేళ్లది.

"పునుగుపిల్లి" అంది అమ్మ.

గూడు బాగు చేయడానికి వచ్చిన మేస్త్రీ తమిళుడు. అతను "మరనాయ్" అన్నాడు. సెలవుకు వచ్చిన మా అమ్మాయి "చెట్టు మీది కుక్కా?" అని నవ్వింది. మాట అర్థం అదే. కానీ ఆ రెండూ ఒకటి కావు. మరనాయ్ చెట్లెక్కి కప్పుల మీద తిరిగేది, పునుగుపిల్లి నేల మీద తిరిగి మట్టి తవ్వేది. వాళ్లిద్దరూ ఎవరి జంతువును వాళ్లు పట్టుకుని అరగంట వాదించుకున్నారు, ఆమె తెలుగులో, అతను తమిళంలో. నేను రెండింటికీ కలిపి బందోబస్తు చేయమన్నాను. పక్కింటి కుర్రాడు ఉచ్చు పెడతానన్నాడు. నేను వన్యప్రాణి చట్టం, 1972 అంటూ మొదలుపెట్టాను. అమ్మ మాత్రం, "తిరుమలలో సామికి శుక్రవారం అభిషేకమయినాక పూసేది దాని తైలమే కదరా. దాన్ని ముట్టొద్దు" అంది. కుర్రాడు చట్టాన్ని లక్ష్యపెట్టలేదు, అమ్మ మాటకు ఊరుకున్నాడు.

గూడు ఎందుకు ఓడిపోయిందో ఇప్పుడు చెప్పాలి. ఆ పద్దు నా పేరనే రాయాలి.

మా పాత ఇంటి అరుగు కింద నాన్నగారు కట్టించిన గూడు ఉండేది. కింద బండ, పక్కలు రాయి. ముందు ఒక రాతిపలక అడ్డం పెట్టి, దానికి విరిగిన తిరగలి రాయి ఆనించేవాళ్లు. ఆ గూట్లోంచి రాత్రిపూట ఒక్క కోడి పోయినట్టు నాకు గుర్తు లేదు. 2013లో ఇల్లు బాగు చేయిస్తూ, కారు పెట్టే చోటు కోసం ఆ అరుగునూ గూడునూ నేనే కొట్టించాను. దానికి బదులు హోసూరు బజారులో ఇనుప చట్రానికి సన్నతీగ వల బిగించిన బోను కొని తెచ్చాను. చూడ్డానికి శుభ్రంగా ఉంది. ఆ రోజు అమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, "దీంట్లోంచి కోడి బయటికి రాలేదులే" అంది. మెచ్చుకుందనుకున్నాను. కోడి బయటికి రాదు సరే, లోపలికి వచ్చేవాటి సంగతేమిటన్నది ఆమె అడగని ప్రశ్న. ఆరు మూలల ఆ సన్నతీగ పళ్లకు తెగుతుంది, గోళ్లకు వంగుతుంది. పైగా బోను కింద ఉత్త మట్టి. పునుగుపిల్లి వల జోలికే పోలేదు. మూల దగ్గర చారెడు మట్టి తోడి లోపలికి దూరింది.

ఈసారి ఇటుక గోడ కట్టించాం. కింద బండలు పరిపించాం. గాలి కోసం పైన వదిలిన కంతలకు అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ బిగించాం. కోళ్లు పగలు తిరిగే దడి చుట్టూ అడుగు లోతు తవ్వి, జాలిని పాతి, అడుగున బయటి వైపుకు వంచి మట్టి కప్పాం. తవ్వే జంతువు దడి మొదట్లోనే తవ్వుతుంది, జాలి తగిలితే రెండడుగులు వెనక్కి వెళ్లి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. కప్పు మీదికి వాలిన జామకొమ్మ నరికించాం. తలుపుకు పక్కకు జరిపే గడియ చాలదని పైన ఇంకో కొక్కెం పెట్టించాను. మొత్తం పద్నాలుగు వేల ఆరువందలయింది. పోయిన తొమ్మిది కోళ్ల ఖరీదు మూడువేల ఆరువందలు. ఇలాంటి అప్పు దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేనే తిప్పి పంపేవాణ్ణి.

గద్దల కోసం మా అమ్మాయి పాత సీడీలు వేలాడదీసింది. గద్దల సంగతి తెలియదు గాని, కాకులు వారంలో వాటికి అలవాటు పడి పక్కనే కూచున్నాయి. పిల్లలకు గంపే గతి.

గూడు పూర్తయిన సాయంత్రం తమ్ముడూ వచ్చాడు. ఇద్దరం కలిసి మళ్లీ ఆ మాటే ఎత్తాం. మూడు కోళ్లే కదా, ఎవరికైనా ఇచ్చేసి వచ్చెయ్యమ్మా అన్నాం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. గడియ వేసి చూసింది, తీసి చూసింది. ఆ కొక్కెం కాస్త బిగువుగా ఉన్నట్టుంది, రెండు చేతులూ పెట్టాల్సివచ్చింది.

"కోళ్లు పోయినాయని నన్ను గూడా మూట కడతారా?" అంది.

నా 'హమ్మయ్య' ఆమెకు ఫోనులోనే వినబడిందేమో నాకు తెలియదు. నేను అడగలేదు. మేస్త్రీని పిలిచి కొక్కెం కాస్త వదులు చేయించాను.

సంక్రాంతి తర్వాత అమ్మ ఒక పెట్టను పొదగేసింది. పదకొండు గుడ్లు, పక్కన ఒక ఇనుప ముక్క. ఉరుము దోషం తగలదట. ఇరవై ఒక్కో రోజుకు ఎనిమిది పిల్లలు దిగాయి. రెండింటిని కాకి ఎత్తుకుపోయింది. ఈ లోపల ఒక రాత్రి దడి పక్కన మట్టి తోడి ఉందని, జాలి దగ్గర ఆగిపోయిందని చెప్పింది.

అప్పటి నుంచి రోజూ దీపాలవేళ అమ్మ ఫోను వస్తుంది. క్షేమసమాచారాలేవీ ఉండవు. "తొమ్మిది. మూసేసినా" అంటుంది. అంతే, పెట్టేస్తుంది. బ్యాంకు మూసే వేళకు క్యాషు సరిపోయిందని క్యాషియరు చెప్పినట్టే ఉంటుంది. ఏడున్నర దాటినా ఫోను రాకపోతే నాకు అన్నం సహించదు.

మొన్న ఎనిమిదయింది. నేనే చేశాను.

"పదిరా" అంది అమ్మ.

"పదేమిటమ్మా? నిన్న తొమ్మిదే కదా?"

"మూడు మాట్లు ఎంచినాను, అందుకే ఆలస్యమయింది. పక్కింటి వాళ్లది ఒకటి మన దాంట్లో దూరుండాది. ఇప్పుడు తలుపు తీస్తే అన్నీ బెదురుతాయి. తెల్లారినాక ఇచ్చేస్తాలే."