పైకి ఆరిన నేల



కాంక్రీటు గట్టిపడటం వేరు, ఆరడం వేరు. ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు కట్టి తడిపితే దానికి బలం వస్తుంది. లోపలి తడి పోవడానికి మాత్రం అంగుళం మందానికి నెల చొప్పున పడుతుందని పనివాళ్ల మామూలు లెక్క. మన మందిర వేదిక నాలుగు అంగుళాల మందం. సెప్టెంబరులో పోశాం. క్రిస్మస్‌కు దాని మీద టేకు చెక్క పరచాలని అందరి ఆశ. ఆ చెక్క కొన్న డబ్బు మన సహోదరీలు పొయ్యి వెలిగించే ముందు తీసిపెట్టిన గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చినది.

డిసెంబరు మొదట్లో వడ్రంగి మేస్త్రి గారు వచ్చారు. నేల తెల్లగా, పొడిగా ఉంది. అయినా ఆయన ఒకటిన్నర అడుగు చదరం పాలిథిన్ షీటు పరిచి, నాలుగు అంచులకూ టేపు అంటించి వెళ్లిపోయారు. మర్నాడు తీసి చూస్తే షీటు అడుగున నీటి బొట్లు, దాని కింద నేల నల్లగా!

"గాలి తగులుతున్నంతసేపూ తడి ఎప్పటికప్పుడు పోతుంది, కంటికి కనపడదు. మూసి చూస్తేనే తెలుస్తుందండి అయ్యగారూ" అన్నారాయన. ఇప్పుడే పరిస్తే చెక్క ఆ చెమ్మ తాగి ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి. క్రిస్మస్ ఆరాధన జంఖానా మీదే జరిగింది.

ఫిబ్రవరిలో మళ్లీ షీటు వేశారు. ఈసారి పొడి. చెక్కలను కొన్నాళ్లు మందిరంలోనే పేర్చి ఆ గాలికి అలవాటు పడనిచ్చారు. తర్వాత నేల మీద పాలిథిన్, పైన ప్లైవుడ్, ఆపైన టేకు. గోడ వెంబడి ముప్పావు అంగుళం ఖాళీ వదిలి బీడింగ్‌తో కప్పారు. వానాకాలంలో చెక్క సాగుతుంది, దానికి చోటుండాలి.

ప్రియులారా, ఇంటి మనిషిని పోగొట్టుకున్న వారిని మనం ఎలా చూస్తున్నాం? ఆదరణ కూడిక అయ్యాక నెలకు ఆమె ఆరాధనకు వస్తుంది, అందరినీ పలకరిస్తుంది. "బాగా తేరుకుంది" అనుకుంటాం. పగలంతా చుట్టూ మనుషులుంటారు, గాలి తగులుతున్నట్టే. రాత్రి తలుపు గడియ పడ్డాక పైకి వచ్చే తడి మనకు కనపడదు. పైగా "ఇంక ఏడవకూడదు, విశ్వాసం ఉన్నవాళ్లు ధైర్యంగా ఉండాలి" అని దాని మీద మంచి మాటలు పరిచేస్తాం. అవి నిలవవు. ఏడాది తిరగకముందే ఎక్కడో ఒక అంచు లేస్తుంది. అప్పుడు మనిషినే తప్పు పడతాం.

మన ప్రభువు కూడా లాజరు సమాధికి వెళ్లే ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. లేపబోతున్నానని తెలిసి కూడా.

ఈ వారం అలాంటి ఇల్లు ఒకటి మీకు గుర్తొస్తే, ఆదివారం గుమ్మంలో పలకరించి ఊరుకోకండి. మామూలు రోజున, దీపాలు పెట్టాక వెళ్లండి. కూర ఏదైనా పట్టుకెళ్లండి. చనిపోయిన వారి పేరు మీరే ఎత్తండి. ఆమె మాట్లాడితే వినండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఆపైన ప్రార్థన చేయండి.