పానీ నక్కో బేటా

అబ్బా ఇంతెకాల్ అయి, చాలీస్వా కూడా గడిచిన మర్నాడు చిత్తూరు నుంచి భాయ్‌జాన్ ఫోన్ చేశాడు. "పెరట్లో ఆ లోహా ఉంది గదా, పాత ఇనుము వాడు వచ్చినాడు. ఇచ్చేద్దామా?" అన్నాడు.

ఆ లోహా అంటే అబ్బా జీపు ట్రైలర్. ఎప్పుడో మిలిటరీ వాళ్ళు అమ్మేసింది. రెండు చేతులు మారి మా ఇంటికొచ్చింది. రెండు చక్రాలు, కింద కమాన్ కట్టలు, ముందు ఒక కొక్కెం, నాలుగు వైపులా రేకు. మాది టెంట్ హౌస్. పలమనేరు, పుంగనూరు దాకా ఎక్కడ షాదీ అయినా, ఎవరింట్లో మయ్యత్ అయినా షామియానాలు, కనాత్‌లు, శత్రంజీలు, దేగ్‌లు అన్నీ దాంట్లోనే పోయేవి. షాదీకి అబ్బా పైసలు తీసుకునేవాడు. మయ్యత్‌కి తీసుకునేవాడు కాదు. మేం ఎప్పటికీ ధనవంతులం కాకపోవడానికి సగం కారణం అదే.

"ఇవ్వొద్దు భాయ్, నేను తీసుకుంటా" అన్నాను. తిరుపతిలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. పెట్టుకోవడానికి జాగా కూడా లేదు. అయినా అనేశాను.

నిజం చెప్పాలంటే నాకో పిచ్చి ఉంది. రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక ఆస్ట్రేలియా వాళ్ళ వీడియోలు చూస్తుంటాను. పాత ట్రైలర్‌ని బాగు చేసుకుని, కరెంటు, నల్లా, సిగ్నల్ లేని ఎడారిలో నాలుగు రోజులుండి వస్తారు. వాళ్ళు దాన్ని కారవాన్ అంటారు. విన్నప్పుడల్లా నవ్వొస్తుంది. కారవాన్ మన మాటే గదా! ఫార్సీ నుంచి ఉర్దూకీ వచ్చింది, ఇంగ్లీషుకీ పోయింది. ఒంటెల బిడారు అన్నమాట. హైదరాబాద్‌లో కార్వాన్ అని మొహల్లానే ఉంది. మాట మనది, సఫర్ మాత్రం వాళ్ళు చేస్తున్నారు.

ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షెడ్డులో ట్రైలర్‌ని దించాం. మేస్త్రీ చుట్టూ తిరిగి, సుత్తితో రేకు మీద ఒక్కటి కొట్టాడు. సుత్తి లోపలికి దిగిపోయింది. "సార్, దీంట్లో తుప్పు తీసేస్తే మిగిలేది మీ నాయన పేరే" అన్నాడు. కానీ కింద చాసిస్ గట్టిగానే ఉంది. పాత కాలపు మందం ఇనుము. రేకంతా కోసేశాం. కమాన్ కట్టల్లో విరిగిన రెండు పట్టీలు మార్చాం. చక్రాల బేరింగులు తీసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టాం. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, అప్పుడు రంగు. దాని మీద ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టె కట్టించాను. ఇనుప రేకుతో కడితే బరువెక్కుతుందని అల్యూమినియం షీటు వేయించాను.

కాగితాల పని వేరే. మోటారు వాహనాల చట్టం, 1988లో ట్రైలర్ కూడా ఒక వాహనమే. దానికీ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఓనరు చనిపోతే వారసుడి పేరుకి మార్చడానికి ఫారం 31. బండి రూపం మార్చాలంటే ముందే ఇజాజత్ తీసుకోవాలి. అబ్బా ట్రంకు పెట్టెలో, నికాహ్‌నామా పక్కనే ఆర్సీ దొరికింది. ఆ రెండు కాగితాల్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు.

ఈ పనంతా జరుగుతున్నప్పుడు అమ్మీ ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు ఇల్లు దాటకూడదు. ఇద్దత్ అయ్యాక అమ్మీని మొదటి సఫర్‌కి దీంట్లోనే తీసుకుపోవాలని నా ఖ్వాహిష్. చిత్తూరు పోయినప్పుడల్లా ఫోన్లో ఫొటోలు చూపించేవాణ్ణి. ఇదిగో అమ్మీ, మడత మంచం. ఇదిగో స్టవ్ పెట్టే అర. ఇదిగో పైన సోలార్ పలక.

అమ్మీ అన్ని ఫొటోలూ చూసింది. అద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుని, ఒక్క మాట అడిగింది.

"లెట్రీన్ కిధర్ హై?"

నా దగ్గర జవాబు లేదు. "దారిలో పెట్రోల్ బంకులుంటాయి గదమ్మీ" అన్నాను. అమ్మీ ఫోన్ నా చేతికిచ్చేసి, "అచ్ఛా హై బేటా, తూ హోకే ఆ" అంది. బాగుంది, నువ్వు పోయిరా అని.

ఆ రాత్రి ఆపాకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఆపా కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నీకు పెనుగొండ యాదుందా?" అంది.

యాద్ లేకుండా ఎట్లుంటుంది? ఏటా పెనుగొండ బాబయ్య దర్గా ఉర్సుకి అబ్బా మమ్మల్ని జీపులో తీసుకుపోయేవాడు. వెనక ఈ ట్రైలరే. చెట్టు కింద షామియానా, దేగ్‌లో ఖానా, రాత్రి కవ్వాలీ. నా బచ్‌పన్‌లో అంత ఖుషీ ఇంకోటి లేదు. మగపిల్లలం దారిలో ఎక్కడపడితే అక్కడ దిగేవాళ్ళం, గుట్ట వెనక్కి పోయేవాళ్ళం, వచ్చి మళ్ళీ నీళ్ళు తాగేవాళ్ళం. నేను గ్లాసు అందిస్తే అమ్మీ ప్రతిసారీ ఒకటే మాట అనేది. "పానీ నక్కో బేటా." అమ్మీకి దాహం తక్కువని అనుకునేవాణ్ణి.

"దాహం తక్కువ కాదు రా" అంది ఆపా. "బయల్దేరే ముందు రోజు సాయంత్రం నుంచే అమ్మీ నీళ్ళు మానేసేది. నాకూ మానిపించేది. చీకటి పడేదాకా ఆగాలి. ఉర్సు జనంలో అదీ దొరికేది కాదు. ఆఖరిసారి పోయొచ్చినాక అమ్మీకి జ్వరమొచ్చి ఆస్పత్రిలో పెట్టినాం. మూత్రంలో ఇన్ఫెక్షన్. ఆ తర్వాత అమ్మీ మళ్ళీ రాలేదు. నీకు చెప్పలేదు, నువ్వు మగపిల్లోడివని."

ఆ ఏడాది నుంచి అమ్మీ ఇంట్లోనే ఉండిపోవడం నాకు యాద్ ఉంది. అమ్మీకి తిరగడం షౌక్ లేదని మా ఇంట్లో అందరం అనుకున్నాం. ఇరవై ఏళ్ళుగా పేపర్లో పనిచేస్తున్నాను. బడుల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్లు లేవని ఎన్ని వార్తలు రాశానో లెక్క లేదు. మా ఇంటి ఖబర్ నాకు తెలియలేదు.

మర్నాడు షెడ్డుకి పోయి, కట్టిన పెట్టె వెనక భాగం విప్పించాను. మేస్త్రీ తిట్టుకున్నాడు. మెడికల్ షాపులో మడతపెట్టే కమోడ్ కుర్చీ కొన్నాను. కింద మూత ఉన్న బకెట్టు. వాడిన ప్రతిసారీ పైన రంపపు పొట్టు చల్లితే వాసన రాదు. ట్రైలర్ వెనక తెరుచుకునేలా రెండు ప్లైవుడ్ పలకలు బిగించి, ఒకదానికి తలుపు పెట్టాం. పైకప్పుకి, పక్కలకి అబ్బా పాత కనాత్ గుడ్డ కోసి కుట్టించాను. "లోపలి నుంచి గొళ్ళెం పెట్టు" అని భాయ్‌జాన్ ఫోన్లో అమ్మీ మాట చెప్పాడు. రెండు గొళ్ళేలు పెట్టించాను.

తర్వాత నీళ్ళ లెక్క. వంద లీటర్ల ట్యాంకు అంటే వంద కేజీల బరువు. అది వెనక్కి పోతే రోడ్డు మీద ట్రైలర్ తోక ఆడిస్తుంది, లాగే బండినే తిప్పేస్తుంది. అందుకే ఇరుసు మీద, కొంచెం ముందుకి పెట్టాలి. వంద లీటర్లు నలుగురికి రెండు రోజులు చాలవని భయపడ్డాను. ఇంట్లో నల్లా తిప్పి వుజూ చేస్తే ఎన్ని నీళ్ళు పోతాయో కింద బకెట్ పెట్టి కొలిచాను. ఐదు లీటర్లు దాటింది! రసూలుల్లాహ్ ఒక ముద్ నీళ్ళతో వుజూ చేసేవారని హదీసులో ఉంది. ముద్ అంటే దోసెడు నీళ్ళు, ముప్పావు లీటరు కూడా ఉండదు. అమ్మీకి ఇది చెప్పబోతే నవ్వింది. పెరట్లో లోటా పట్టుకుని చేసి చూపించింది. లోటా అడుగున ఇంకా నీళ్ళు మిగిలాయి. అమ్మీ పుట్టిల్లు రాయదుర్గం వైపు. నీళ్ళ పొదుపు ఆమెకి ఎవరు నేర్పాలి?

కరెంటుకి వంద ఆంపియర్ అవర్ బ్యాటరీ, నూటయాభై వాట్ల సోలార్ పలక. ఒక చిన్న డీసీ ఫ్యాను, రెండు బల్బులు, ఫోన్ ఛార్జింగ్, అంతే. ఫ్రిజ్ పెట్టలేదు. అమ్మీ ఇన్సులిన్‌కి ఏం చెయ్యాలని డాక్టర్‌ని అడిగితే, వాడుతున్న పెన్నుకి ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండ వేడి తగలకపోతే చాలన్నాడు. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి నీళ్ళు చల్లాం. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లబడుతుంది. మా సీమలో పొడి గాలికి కరువేముంది!

ఎక్కడికి పోదాం అంటే అమ్మీ వెంటనే చెప్పింది, "హొన్నూర్". అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో దర్గా హొన్నూరు. ఆ చుట్టుపక్కల హొన్నూర్ వలీ, హొన్నూర్ బీ, హొన్నూరప్ప అని హిందువులూ ముస్లింలూ పిల్లలకి పేర్లు పెట్టుకుంటారు. అమ్మీ పేర్లోనూ ఆ ఊరుంది. నేను వెతికిన రేగిస్తాన్ కూడా అక్కడే ఉంది. వేదవతిని అక్కడ హగరి అంటారు. పైన వాణీవిలాస సాగర్, భైరవానితిప్ప ఆనకట్టలు. కింద ఏరు ఎండిపోయి ఇసుక మాత్రం మిగిలింది. ఆషాఢం గాలి ఆ ఇసుకని లేపి పొలాల మీద పోస్తుంది. మేటలు మేటలుగా, అచ్చం రాజస్థాన్ ఫొటోలో లాగ. కొంచెం దూరంలోనే తుంగభద్ర కాలువ కింద పచ్చటి వరి. గాలి కాలంలో ఉండలేం కాబట్టి డిసెంబర్లో పోవాలని నిశ్చయించుకున్నాం.

ఫజర్ చదివి చిత్తూరు నుంచి బయల్దేరాం. బొలెరో వెనక ట్రైలర్. అమ్మీ, ఆపా, నా బీవీ, నేను. పలమనేరు, పుంగనూరు దాటి మదనపల్లెలో చాయ్ కోసం ఆగాం. అమ్మీ చాయ్ కూడా తాగలేదు. నీళ్ళిస్తే, "పానీ నక్కో."

నేనేం అనలేదు. ములకలచెరువు దాటాక ఒక చింతచెట్టు కింద బండి ఆపి, వెనక పలకలు తెరిచి, కనాత్ కట్టి, లోటా నిండా నీళ్ళు పెట్టి, ట్రైలర్‌కి దూరంగా పోయి నిలబడ్డాను. లారీలు పోతున్నాయి. ముందు ఆపా పోయింది. తర్వాత నా బీవీ. అమ్మీ చాలాసేపు బండిలోనే కూర్చుంది. తర్వాత దిగింది. రెండు గొళ్ళేలూ పడిన చప్పుడు నా దాకా వినిపించింది.

సాయంత్రానికి హొన్నూరు చేరాం. ఒక రైతు తన పొలం గట్టున ఉండమన్నాడు. సగం పొలం మేట కిందే ఉంది. ఇసుకలోకి దిగితే చక్రాలు కూరుకుపోతాయని ట్రైలర్‌ని గట్టి నేల మీదే ఉంచాం. దాని పక్కన అబ్బా షామియానా వేశాం. మగ్రిబ్‌కి నేను ట్యాంకు దగ్గర లెక్కలు చూస్తుంటే, అమ్మీ మేట మీద జానమాజ్ పరిచేసింది. ఇషా ముసాఫిర్‌లం కాబట్టి కస్ర్, రెండు రకాత్‌లే. చీకట్లో చుక్కలు అంత కిందికి ఉంటాయని నేను తిరుపతిలో ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడు గాలి కాలంలో రొట్టెల్లో ఇసుక పడేదని, తలుపు సందుల్లో తడిగుడ్డలు పెట్టేవాళ్ళని అమ్మీ చెప్పింది. అబ్బా గురించి ఏం చెప్పలేదు. షామియానా అంచు మీద అబ్బా చేత్తో వేసిన కుట్టుని మాత్రం వేలితో తడుముతూ కూర్చుంది.

అబ్బా చెడ్డవాడు కాదు. ఊరి మయ్యత్‌లకి పైసలు తీసుకోని మనిషి. ఊరందరికీ కనాత్ కట్టి పరదా ఇచ్చాడు. దారిలో ఒక్క కనాత్ అమ్మీకి కట్టాలని ఆయనకి తోచలేదు. నాకూ తోచలేదు, అమ్మీ అడిగేదాకా. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు సఫర్‌కి రానంటే షౌక్ లేదనుకోకండి. నీళ్ళు తాగుతున్నారో లేదో చూడండి.

తెల్లవారి ఫజర్ తర్వాత ఇసుక చల్లగా ఉంది. ట్యాంకులో ఇంకా సగం పైనే నీళ్ళున్నాయి. అలవాటు కొద్దీ గ్లాసు నింపి అమ్మీకి అందించాను. తాగింది. ఖాళీ గ్లాసు నా ముందుకి చాపింది.

"ఔర్ దే."