అట్లాంటిస్ పొట్టలోకి తొంగిచూశాను

ఓర్లాండో నుంచి కెనెడీ అంతరిక్ష కేంద్రానికి తూర్పుకు గంట ప్రయాణం. టోల్ రోడ్డు దిగి ఇండియన్ రివర్ మీది వంతెన ఎక్కగానే రెండు వైపులా నీళ్లు, ఒడ్డున కొంగలు, ఎదురుగా తిన్నటి రోడ్డు. మాది సూళ్లూరుపేట. పులికాట్ మధ్యలోంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు చూస్తూ పెరిగినదాన్ని. "ఒరే, మనూరొచ్చేశాం కదరా!" అన్నాను కారు నడుపుతున్న మా తమ్ముడితో. "ఆ పక్క కాలవలోకి చూడక్కా" అన్నాడు. చూస్తే మొసలి, ఎండ కాచుకుంటూ. సరే, మనూరు కాదు.

రాకెట్లవాళ్లకి మాత్రం రెండూ ఒకటే. తూర్పు తీరం కావాలి, భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. ముందు సముద్రం ఉండాలి, ఏదైనా ఊడిపడితే నీళ్లలో పడుతుంది. అందుకేనేమో కెనెడీ అంతరిక్ష కేంద్రం చుట్టూ అభయారణ్యం, మనకేమో ఫ్లెమింగోలు.

లోపల అడుగుపెట్టగానే తప్పిపోయాను. "ఎక్కడున్నా ఆ నారింజ రంగు ట్యాంకు కిందికి వచ్చెయ్యి" అని తమ్ముడు ముందే చెప్పాడు. షటిల్ ఇంధన ట్యాంకు, రెండు బూస్టర్లు, అసలు కొలతలతోనే చేసిన నమూనాలు, 56 మీటర్ల ఎత్తున నిలబెట్టారు. ఎక్కడినుంచైనా కనబడుతుంది. కానీ కనబడటం వేరు, చేరుకోవడం వేరు. ఎటు నడిచినా ఒక సావనీర్ దుకాణం అడ్డొస్తుంది. తీరా చేరాక, నేను ఒక బూస్టర్ వెనక, తమ్ముడు రెండో బూస్టర్ వెనక, ఒకరికోసం ఒకరం చాలాసేపు ఎదురుచూశాం.

అట్లాంటిస్ షటిల్‌ని నేరుగా చూపించరు. ముందు చీకటి గదిలో సినిమా వేస్తారు. అది అయిపోయాక, బయటికి దారెటని నేను వెతుక్కుంటుంటే, ఎదురుగా ఉన్న తెర కాస్తా పైకి లేచింది. వెనకాల నిజం షటిల్! 43.21 డిగ్రీలు పక్కకి ఒరిగి, తలుపులు రెండూ తెరుచుకుని ఉంది. నాలుగు, మూడు, రెండు, ఒకటి. కౌంట్‌డౌన్‌ని కోణంలో పెట్టిన ఆ ఇంజనీరెవరో గాని, నాకు నచ్చాడు.

ఫొటోల్లో తెల్లగా మెరిసేది, దగ్గరికెళ్తే మసి, మరకలు. 2011 జూలైలో ఆఖరి ప్రయాణం నుంచి దిగినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచారట. 33 సార్లు పైకి వెళ్లొచ్చిన బండి మరి. 2007 జూన్‌లో మన సునీతా విలియమ్స్ దిగొచ్చింది కూడా ఇందులోనే. ఒంటినిండా దాదాపు 24 వేల టైల్స్, ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, ప్రతిదానికీ నంబరు. ఆ నంబర్లు చదువుతుంటే ఒక తెల్లజుట్టు పెద్దాయన దగ్గరికొచ్చాడు. వాలంటీరు, ఒకప్పుడు ఇక్కడే షటిల్స్‌ మీద పనిచేసి రిటైరయ్యాడట. "టైల్స్ సరే, ముందు ఆ ఖాళీని చూడండి" అన్నాడు, సరుకుగది వైపు చెయ్యి చూపిస్తూ.

18 మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. 2001 ఫిబ్రవరి 7న ఇందులో 14 టన్నులకు పైగా బరువున్న డెస్టినీ ప్రయోగశాలని పెట్టుకుని అయిదుగురు పైకెళ్లారు. అప్పటికే అంతర్జాతీయ అంతరిక్ష స్టేషన్‌లో ముగ్గురున్నారు. అంటే కాపురముంటున్న ఇంటికి కొత్త గది అతికించడం. ఆ అయిదుగురిలో ఒకరైన మార్షా ఐవిన్స్ రోబో చేతితో ముందు స్టేషన్ వాకిలినే ఊడదీసి పక్కన తగిలించింది. తర్వాత అంగుళాల సందులోంచి డెస్టినీని పైకి లాగి, సగం చుట్టు తిప్పి, స్టేషన్‌లోని యూనిటీ గదికి కలిపింది. తీసిన వాకిలిని తర్వాత కొత్త గది ముందు బిగించారు. ఇదంతా ఆ పెద్దాయన రెండు చేతులూ తిప్పుతూ చూపిస్తుంటే చుట్టూ జనం మూగారు.

అదే ప్రయాణంలో, బయట పైపులు కలుపుతున్న రాబర్ట్ కర్బీమ్ మీదికి అమ్మోనియా చిమ్మి, గడ్డకట్టి సూట్‌కి అంటుకుంది. ఐస్ ఫ్యాక్టరీ పక్కనుంచి నడిచినవాళ్లకి ఆ ఘాటు తెలుసు. అది లోపలికొస్తే ఊపిరాడదు. అందుకని కర్బీమ్‌ని అరగంట పాటు ఎండలో నిలబెట్టారు, తోటివాడు టామ్ జోన్స్ సూట్‌ని బ్రష్‌తో దులిపాడు. వాళ్లు లోపలికొచ్చాక కూడా అక్కడున్నవాళ్లు కాసేపు ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నారు. ఎండలో నిలబెట్టి బాగుచేయడం మనకి చెప్పాలా!

కింది అంతస్తులో చాలెంజర్, కొలంబియాల జ్ఞాపకంగా కట్టిన చోటు ఉంది. పద్నాలుగు గాజుబీరువాల్లో ఆ రెండు షటిల్స్‌లో చనిపోయిన పద్నాలుగు మంది వస్తువులు. కల్పనా చావ్లా పేరు చూశాక మేమిద్దరం మాట్లాడుకోలేదు. కొలంబియా కూలాక షటిల్స్ రెండున్నరేళ్లు ఎగరలేదు, స్టేషన్ నిర్మాణం సగంలో ఆగిపోయింది. 2006 సెప్టెంబరులో ఆ పని మళ్లీ ఎత్తుకున్నది అట్లాంటిసే.

తిండి సంగతికొస్తే, లోపల బర్గర్లు, ఫ్రైలు. మేం కార్ పార్కింగులో పులిహోర తిన్నాం. కుతూహలం కొద్దీ 'వ్యోమగాముల ఐస్‌క్రీమ్' కొన్నాను. తేమంతా తీసేసిన దిమ్మ, నోట్లో పొడయ్యాక వెనిల్లా రుచి వస్తుంది, చల్లదనం మాత్రం రాదు. అంతరిక్షంలో బ్రెడ్ తింటే పొడి గాల్లో తేలి యంత్రాల్లో దూరుతుందని టోర్టియాలు తింటారట, అంటే చపాతీకి దగ్గర చుట్టమే. అక్కడ ముక్కులు బిగుసుకుపోయి రుచి తెలియక కారం సాస్ అడుగుతారని పెద్దాయన చెప్పాడు. ఆవకాయ గురించి నేను ఉపన్యాసమిచ్చాను, పాపం ఓపిగ్గా విన్నాడు. నీళ్ల కథ ఇంకా బాగుంది. షటిల్‌లో కరెంటు కోసం హైడ్రోజన్, ఆక్సిజన్ కలిపితే మిగిలేది మంచినీళ్లు. వాటిని సంచుల్లో నింపి స్టేషన్‌వాళ్లకి ఇచ్చి వచ్చేవాళ్లు.

మీరు వెళ్తే బస్సు టూర్ పొద్దున్నే ఎక్కేయండి, మధ్యాహ్నం ఆలస్యమైతే దొరకదు. షటిల్స్ లేచిన 39ఏ వేదిక నుంచి ఇప్పుడు స్పేస్‌ఎక్స్ రాకెట్లు లేస్తున్నాయి, టికెట్టు కొనేముందు ప్రయోగాల తేదీలు చూసుకోండి. వేసవిలో మధ్యాహ్నం ఉరుములతో వాన తప్పదు, అప్పుడు అట్లాంటిస్ హాల్లో దూరండి. అక్కడ 22 డిగ్రీల జారుడుబల్ల ఒకటుంది. ఇంజన్ల సాయం లేకుండా షటిల్ అంత ఏటవాలుగా దిగేదని తెలియడానికి పెట్టారు. పిల్లలకే అనుకోకండి, నన్నెవరూ ఆపలేదు.