చాబీ ఒక అమానత్

ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కుమారుడు ఇంటిలో ఉంటే మా ఉత్తర తెలంగాణలో తల్లిదండ్రుల కళ్ల ముందు సాధారణంగా రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి డిగ్రీ కళాశాల, రెండవది గల్ఫ్ వీసా. వేములవాడలోని మా ఇంటికి గత సంవత్సరం మూడవ దారి ఒకటి పోస్టులో వచ్చింది. ఇంటివద్దనే ఉండి తాళాల పని నేర్చుకొనే కోర్సు గురించిన కరపత్రాన్ని మా పెద్దవాడు తెప్పించుకున్నాడు. పాఠ్యపుస్తకాలు, వీడియో పాఠాలు, ఒక పనిముట్ల సంచి, ఆరు నెలల తరువాత సర్టిఫికెట్. వెరసి రుసుము 18,000 రూపాయలు.

"అమ్మీ, ఇది నేర్చుకుంటే నేను అబ్బాలాగా దేశం విడిచి పోనవసరం లేదు" అన్నాడు వాడు.

ఆ ఒక్క మాట నన్ను ఆలోచింపజేసింది. మా వారు పదకొండేళ్లుగా దుబాయిలో ఉన్నారు. ఆ 18,000 రూపాయలు ఆయన ఎండలో నిలబడి సంపాదించినవి. వాటిని ఖర్చు చేసే నిర్ణయం నాకు వదలివేశారు. కనుక కరపత్రంలోని మాటలను పక్కనబెట్టి, ఒక్కొక్క ప్రశ్నను విడిగా విచారించాలనుకున్నాను.

మొదటి ప్రశ్న: మా ఊరిలో ఈ పనికి గిరాకీ ఉన్నదా? దీనికి జవాబు సులభంగానే దొరికింది. వేములవాడ యాత్రికుల పట్టణం. రాజరాజేశ్వరస్వామి దేవాలయ ప్రాంగణంలోనే దర్గా కూడా ఉన్న ఊరు ఇది. సోమవారాల్లో, మహాశివరాత్రికి, మేడారం జాతరకు ముందు రోజుల్లో ఎక్కడెక్కడి నుండో జనం వస్తారు. వారితోపాటు వాహనాలు వస్తాయి, వసతి గదులు నిండుతాయి. జనసమ్మర్దంలో చాబీలు పోగొట్టుకొనేవారు, కారులోనే చాబీ వదలి తలుపు వేసుకొనేవారు ఏ రోజూ తక్కువ కారు.

రెండవ ప్రశ్న కొంచెం కష్టమైనది. మా ఆడపడుచు ముఖం మీదనే అడిగింది: "వదినా, పరాయివాళ్ల తాళాలు తెరిచే విద్య పిల్లవాడికి నేర్పిస్తావా? రేపు వీధిలో ఏదైనా దొంగతనం జరిగితే మొదట ఎవరి పేరు చెబుతారు?" ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోలేదు. అయితే తాళాల చరిత్ర చదివితే మరొక కోణం కనిపించింది. 1851లో లండన్ మహాప్రదర్శన జరిగిన సమయంలో హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తెరువలేరని పేరు పొందిన బ్రామా తాళాన్ని యాభై గంటలకు పైగా శ్రమించి తెరిచాడు. లోకం గగ్గోలు పెట్టింది. కాని దాని ఫలితం దొంగతనాలు పెరగడం కాదు, తాళాల తయారీదారులు తమ లోపాలను దిద్దుకోవలసి రావడం. అంతకు ఆరువందల ఏళ్లకు పైగా ముందే, 1206లో పూర్తయిన తన యంత్రాల గ్రంథంలో అల్ జజరీ, అక్షరాలు కలిపి తెరిచే తాళపు నిర్మాణాన్ని దాచకుండా వివరించాడు. విద్య చెడ్డది కాదు. అది ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి కళ్ల ఎదుట ఉన్నది అన్నదే ప్రశ్న.

మూడవ ప్రశ్న: ఈ పని ఇంటిలో కూర్చుండి నేర్వదగినదేనా? ఇంటి నుండి తాళాల విద్య నేర్చుకోవడం వింత ఏమీ కాదు. గత శతాబ్దంలో అమెరికాలోని బెల్సా సంస్థ ఇటువంటి పాఠాలను పోస్టులో పంపేది. అందుచేత కోర్సు అన్నంతమాత్రాన మోసమని కొట్టివేయడం న్యాయం కాదు. పుస్తకం ఏమివ్వగలదో, ఏమివ్వలేదో తెలుసుకోవాలి. అందుకోసం మా వాణ్ణి వెంటబెట్టుకొని బస్టాండు దగ్గర చాలా కాలంగా చాబీలు చేస్తున్న ఒక పెద్దమనిషి వద్దకు వెళ్లాను.

ఆయన మాతో ఎక్కువగా మాట్లాడలేదు. చాబీ పోయిన ఒక తాళాన్ని చేతిలోకి తీసుకున్నారు. గంట్లు లేని ఖాళీ చాబీని దీపపు మసికి పట్టి తాళంలో దూర్చి, మెల్లగా అటూ ఇటూ తిప్పి బయటికి తీశారు. మసి చెరిగిన చోట్ల సన్నని గుర్తులు పడ్డాయి. ఆ గుర్తుల వద్ద ఆకురాయితో రెండు మూడు సార్లు గీసి, మళ్లీ మసి పట్టి, మళ్లీ దూర్చారు. ఇలా ఏడెనిమిది సార్లు చేసిన తరువాత తాళం తెరుచుకుంది. తరువాత మా వాడికి ఇచ్చి చేయమన్నారు. వాడు బలంగా తిప్పాడు, చాబీ వంగిపోయింది. "బలం కాదు బేటా, తాళం నీ వేలికి ఏమి చెబుతున్నదో వినాలి" అన్నారాయన. ఆ వినికిడి ఏ వీడియోలోనూ రాదు. వందల తాళాల మీద వేలు అరిగితేనే వస్తుంది.

అయితే పుస్తకం వ్యర్థమనీ కాదు. ఇళ్ల తలుపులకు నేడు ఎక్కువగా కనిపించే సిలిండర్ తాళంలో జతలు జతలుగా చిన్న పిన్నులు ఉంటాయి. స్ప్రింగులు వాటిని కిందికి తోస్తుంటాయి. సరైన చాబీ ప్రతి జతనూ సరిగ్గా విడిపోవలసిన ఎత్తుకు లేపినప్పుడే లోపలి సిలిండర్ తిరుగుతుంది. లైనస్ యేల్ 1861లో పేటెంటు పొందిన ఈ పద్ధతిని బొమ్మలో చూస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది. ఉస్తాద్‌కు చేతిలో ఉన్న విద్యకు మా వాడు కాగితం మీద కారణం చూపగలిగాడు. ఇక నేటి కార్ల చాబీలలో ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. చాబీ ఆకారం కలిసినా చిప్ సంకేతం కలవకపోతే ఇంజను నడవదు. "ఆ పని నాకు రాదు, కారు కంపెనీ షోరూముకు పొమ్మంటాను" అని ఆయనే చెప్పారు. కొత్త తరం నేర్వవలసింది, చదివి నేర్వవలసింది అక్కడ ఉన్నది. కరపత్రంలో ఆ పాఠం కోసం వెదికితే కనబడలేదు.

బయలుదేరే ముందు ఉస్తాద్ చెప్పిన మాటతో నా నిర్ణయం తేలిపోయింది. "ఇంటి తాళం తెరవమని ఎవరు పిలిచినా, ఇరుగుపొరుగువారు ఇద్దరు వచ్చి ఇది ఈయన ఇల్లే అని చెప్పేదాకా నేను పనిముట్టు బయటికి తీయను. సబ్బు మీద అచ్చు వేసి తెచ్చిన చాబీకి నకలు చేయను. చిన్నపిల్లలు తెస్తే, పెద్దవాళ్లను తీసుకురమ్మంటాను. వచ్చిన బేరం పోయినా సరే." తెరవడం నేర్చుకోవడం సగం విద్య. ఎప్పుడు తెరవకూడదో తెలియడం మిగిలిన సగం. ఆ రెండవ సగానికి సర్టిఫికెట్ ఇచ్చేది ఊరే.

హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కా విజయం నాడు కాబా గృహపు చాబీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేతికి వచ్చింది. దానిని కోరుకున్నవారు ఉన్నారు. అయినా ఆయన దానిని పూర్వం నుండి సంరక్షిస్తున్న హజ్రత్ ఉస్మాన్ బిన్ తల్హా (రజి) గారికే తిరిగి అప్పగించారు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించడాన్ని గురించిన నిసా సూరా 58వ ఆయత్‌ను ముఫస్సిర్లు ఈ సంఘటనతో ముడిపెట్టి వివరించారు. ఆ చాబీ ఈనాటికీ బనీ షైబా వంశీయుల వద్దనే ఉన్నది. చాబీ పట్టుకొనేవాడికి ఇంతకు మించిన పాఠ్యపుస్తకం ఏమున్నది? అందులోనూ మా ఊరిలో తాళం తెరవమని వచ్చేవారిలో అధికులు అన్య మతస్థులైన యాత్రికులు. వారు ఒక ముస్లిం యువకుని చేతికి తమ కారును, తమ గదిని అప్పగిస్తారు. ఆ నమ్మకం నిలబడితే అది వాడొక్కడి సంపాదన కాదు, దెబ్బతింటే వాడొక్కడి నష్టమూ కాదు.

చివరకు ఆ 18,000 రూపాయలు కోర్సుకు కట్టలేదు. మా వాడు ఎనిమిది నెలలు ఉస్తాద్ పక్కన కూర్చున్నాడు. తొలి రెండు నెలలు తుప్పు వదలగొట్టడం, ఆకురాయి పట్టడం తప్ప మరేమీ లేదు. సాయంత్రాలు గ్రంథాలయం నుండి తెచ్చినవీ, ఫోనులో దొరికినవీ చదువుకున్నాడు. ఆ సొమ్ములో కొంత కలిపి పాత చాబీల యంత్రం ఒకటి కొన్నాము. ఇప్పుడు వాడి దగ్గర ఒక రిజిస్టరు ఉన్నది. తెరిచిన ప్రతి తలుపుకు యజమాని పేరు, ఫోను నంబరు, సమయం, సాక్షుల సంతకాలు అందులో రాసుకుంటాడు. సంపాదన ఇంకా స్వల్పమే. మా వారి తిరిగిరాక ఇప్పుడప్పుడే కాదు. కాని ఇంటిలో రెండవ వీసా మాట వినబడటం లేదు, అల్‌హమ్దులిల్లాహ్.

ఇటువంటి ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులకు మరొక విషయం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో తాళాల పని కూడా ఒకటి. 18 ఏళ్లు నిండి, ఇప్పటికే చేతి పనిముట్లతో స్వయంగా ఆ వృత్తి చేసుకుంటున్నవారికి అందులో శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, ఆపై రుణం ఉన్నాయి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. పేరు నమోదు కామన్ సర్వీస్ సెంటరులో జరుగుతుంది. అక్కడ కూడా చూసేది చేతిలోని పనినే.

కనుక ఏ కోర్సు కరపత్రం ఇంటికి వచ్చినా మూడు విషయాలు అడగండి. పని నేర్పే చేయి దగ్గరలో ఉన్నదా? కోర్సు చెప్పే పాఠం ఆ చేతికి రానిదేనా? పిల్లవాడు ఆ వృత్తిలో నిలబడితే, పొరుగువారు తమ ఇంటి చాబీని వాడికి నిశ్చింతగా ఇవ్వగలరా? మొదటి రెండింటికి జవాబు "అవును" అయితే డబ్బు కట్టడంలో తప్పులేదు. మూడవదానికి జవాబును మాత్రం పోస్టులో తెప్పించుకోలేము. దానిని చిన్ననాటి నుండి మన ఇంటిలోనే తయారుచేయాలి.